చిత్రగ్రీవుని రెండవ ప్రయాణము

మిత్రలాభము చదివిన తెలుగువారికి చిత్రగ్రీవుడు చిన్ననాటి పరిచితుడు. గోదావరీతీరమున ఒక బూరుగుచెట్టు, దానిపై లఘుపతనకమను కాకి, వేకువనే వల పట్టుకొని వచ్చిన వేటకాడు, నేలపై చల్లిన నూకలు, వాటికి ఆశపడి వాలిన పావురములు. పరవస్తు చిన్నయసూరి 1853 లో నీతిచంద్రికను ప్రకటించిన నాటినుండి ఎన్ని తరముల పిల్లలు ఈ చిత్రమును పాఠశాలలలో చదువుకొనిరో లెక్క చెప్పజాలము. ఆ పావురముల రాజు పేరే 1927 లో అమెరికాలో అచ్చయిన ఒక బాలల నవలకు నాయకుని పేరయ్యెను. వ్రాసినవాడు ధనగోపాల ముఖర్జీ అను వంగదేశీయుడు. ఆంగ్లమున ఆ పుస్తకము పేరు 'గే-నెక్'. చిత్రగ్రీవ శబ్దమునకు అది అనువాదమే. మరుసటి సంవత్సరము, 1928 లో, అమెరికా గ్రంథాలయ సంఘమువారు బాలసాహిత్యమునకిచ్చు న్యూబెరీ పతకము ఈ నవలకు లభించెను. ఆ పతకము నందుకొనిన మొదటి భారతీయుడు ముఖర్జీయే.

భారతీయులు వ్రాసిన ఆంగ్లనవల చరిత్రను 1935 నాటి ముల్క్ రాజ్ ఆనంద్, ఆర్.కె. నారాయణ్ తొలి నవలలతోను, 1938 లో వచ్చిన రాజారావు 'కాంతాపుర'తోను ఆరంభించుట మనకు అలవాటైనది. అంతకు ఎనిమిదేండ్ల ముందే వచ్చిన ఈ పావురముకథ ఆ వరుసలో సాధారణముగ కానరాదు. కారణము ఊహించుట కష్టము కాదు. అది పిల్లల పుస్తకము. పైగా ప్రవాసమున వ్రాసినది. ఈ రెండును ఒక రచనను పక్కకు నెట్టుటకు చాలినంత కారణములని మన విమర్శకులు చిరకాలము తలచిరి. ఇది న్యాయము కాదని నా అభిప్రాయము. దానికి ఆధారము ఆ నవలయందే కలదు.

ముందుగ ఆ పేరు సంగతి. చిత్రగ్రీవుడు దేశము దాటుట ముఖర్జీతో మొదలు కాలేదు. క్రీ.శ. ఆరవ శతాబ్దమున పారశీకరాజు ఖుస్రో అనూషిర్వాను కాలమున బుర్జూయా అను వైద్యుడు పంచతంత్రమును పహ్లవీ భాషలోనికి మార్చెను. ఎనిమిదవ శతాబ్దమున ఇబ్నుల్ ముకఫ్ఫా దానిని 'కలీలా వ దిమ్నా' అను పేర అరబ్బీలోనికి తెచ్చెను. అందు మిత్రలాభ కథ 'కంఠరేఖ గల పావురము' అను ప్రకరణమయ్యెను. మన చిత్రగ్రీవుని మెడయే అక్కడను అతని గుర్తు. పదియవ శతాబ్దమున బస్రానగరమున రహస్యముగ విజ్ఞానగ్రంథములు కూర్చిన 'ఇఖ్వానుస్సఫా' అను మిత్రమండలి తన పేరును ఈ ప్రకరణమునుండియే గ్రహించెనని పండితులు కొందరందురు. అటుపై కథ యూరపునకు పోయెను. ఫ్రెంచికవి లా ఫోంటేన్ 1694 నాటి సంపుటమున దీనిని పద్యకథగ చెప్పినపుడు కాకి, లేడి, తాబేలు, ఎలుక మాత్రమే మిగిలినవి. పావురము దారిలో జారిపోయినది! రెండువందల ముప్పది యేండ్ల తరువాత ఒక వంగీయుడు ఇంకను పడమరకు పోయి, జారిపోయిన ఆ పావురమునే మరల ఎగురవేసెను.

అయితే ముఖర్జీ పాతకథను తిరిగి చెప్పలేదు. పేరును మాత్రమే తీసికొనెను. భేద మెక్కడున్నదో చూడవలెను.

మిత్రలాభము కుదరరాని స్నేహముల కథ. ఎలుకకును కాకికిని ఆహారసంబంధమే తప్ప అన్యసంబంధము లేదు. హిరణ్యకుడు భయముచేత నూరు ద్వారముల కలుగు త్రవ్వుకొని బ్రతుకువాడు. చిత్రగ్రీవుడు తన పరివారముతో వలను ఎత్తుకొని వచ్చి అతని వాకిట వాలును. ముందు తనవారి బంధములు తెంపి, పిదప తనవి తెంపుమని కోరును. ఆ దృశ్యమును చూచిన కాకికి ఆ ఎలుకతో చెలిమి చేయవలెనని బుద్ధి పుట్టును. ఒకరు మరొకరికి చేసిన సాయమును మూడవవాడు చూచుటవలన స్నేహము పుట్టుట ఈ కథలోని సొగసు. కాని ఈ మృగపక్షులు మృగపక్షులు కావు. అవి మంత్రులు, రాజులు, ఆశ్రితులు. నీతిశాస్త్రము చదువుకొన్న నాలుకలు వాటివి. మన కావ్యములందలి పక్షులును అంతే. శ్రీనాథుని నైషధమున నలుడు పట్టి విడిచిన హంస, పింగళి సూరన శుచిముఖి, జాషువ 1941 లో కాశీనాథునికడకు పంపిన గబ్బిలము - ఇవి అన్నియు మనుష్యుని మాటను మోయుటకే రెక్కలు ధరించినవి. అది లోపమని నేననను. గబ్బిలము వంటి కావ్యము లోపమునుండి పుట్టదు. ఐనను ఒక పావురమునకు పావురముగ కలుగు భయమేమి, దాని నొప్పి యేమి అను ప్రశ్న ఆ కావ్యములలో లేదు.

మిత్రలాభమున వల తెగిన పిమ్మట చిత్రగ్రీవుడు ఎలుక ఆతిథ్యము గైకొని తన నెలవునకు పోవును. కథలో మరల కానరాడు. ఆ వల జ్ఞాపకము పావురములను ఎంతకాలము వెంటాడెనో చెప్పుట కథకునికి పని కాదు. ముఖర్జీకి అదియే పని.

ధనగోపాలుడు 1890 జూలై 6 న కలకత్తా సమీపమున అర్చక బ్రాహ్మణకుటుంబమున జన్మించెను. కొంతకాలము భిక్షాటనముచేయుచు యాత్రికుడై తిరిగెను; కలకత్తా విశ్వవిద్యాలయమున చేరెను. అన్న జాదూగోపాలుడు యుగాంతర దళమునకు చెందిన విప్లవవాది. ఇంటిమీద పోలీసు నీడ పడుచున్న దినములలో తమ్ముడు యంత్రవిద్య నేర్చుకొను నిమిత్తము జపానునకు పోయి, అక్కడినుండి 1910 ప్రాంతమున కాలిఫోర్నియా చేరెను. బర్క్లీలో చదువు, పాత్రలు కడుగు పని, పొలములలో కూలి. 1914 లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునుండి పట్టభద్రుడయ్యెను. ఈ కష్టములను 1923 లో వచ్చిన తన ఆత్మకథయందు వ్రాసినాడు. 1918 లో ఎథెల్ రే డుగన్ అను విద్యావేత్తను పెండ్లాడెను. 'కరి' అను ఏనుగు కథ 1922 నాటిది. తొమ్మిదేండ్ల బాలుని చేతికి ఐదునెలల ఏనుగు గున్న నప్పగించుటతో అది ఆరంభమగును. అప్పటికి కిప్లింగు 'జంగిల్ బుక్' వచ్చి ఇరువదెనిమిది యేండ్లు. మోగ్లీ చూపునకు మృగములు తల వంచును. కరిని పెంచు బాలుడు దానికి స్నానము చేయించి, మేత తెచ్చి, అలసి నిద్రించును. ఈ భేదము చిన్నది కాదు. భారతీయబాలుని అడవికి ప్రభువుగ చూపుట ఒకరి ఊహ. సేవకునిగను చెలికానిగను చూపుట మరొకరి జ్ఞాపకము.

'గే-నెక్' నవలకు రంగము కలకత్తా మేడకప్పు. మనుష్యులకంటె పావురములు రెండింతలున్న నగరమని కథకుడు పరిహాసముగ చెప్పును. ఈ వేడుకకు పెద్ద చరిత్ర కలదు. 1856 లో రాజ్యము పోయి కలకత్తా మటియాబుర్జు చేరిన అవధ్ నవాబు వాజిద్ అలీషా లక్నో పావురపు వేడుకను వెంటతెచ్చినాడు. ఆయన అక్కడ పక్షులపైన మృగములపైన చేసిన వ్యయమును అబ్దుల్ హలీమ్ షరర్ సవిస్తరముగ వర్ణించెను. నవాబు 1887 లో గతించెను. పావురములు మాత్రము నగరపు కప్పులపై నిలిచినవి. ముఖర్జీ కథలోని పిల్లవానికి పావురము పెంచుట ఏ వింతయు కాదు. ఆ వయసు పిల్లలందరును చేయు పనియే.

ఆ పిల్లవానికి నవలలో పేరు లేదు. తండ్రిపావురము గాలిలో పల్టీలు కొట్టు జాతి, తల్లి వార్తలు మోయు జాతి. గూటిలో రెండు గ్రుడ్లున్నవి. గూడు శుభ్రము చేయబోయి బాలుడు ఒకదానిని చేతనెత్తును. తండ్రిపావురము వాని ముఖముపై పడి పొడుచును. గ్రుడ్డు జారి పగులును. మిగిలిన గ్రుడ్డునుండి పుట్టినవాడే చిత్రగ్రీవుడు. పెంచువాని చేతనే మొదటి హాని జరుగుట ఎంత నిజమైన ఆరంభము! పశుపక్షులను ప్రేమించుమని పిల్లలకు బోధించు పుస్తకములు చాల కలవు. ప్రేమించు చేతులు మొరటువి కూడ కావచ్చునని చెప్పు ధైర్యము వాటిలో తరచుగ ఉండదు. పిల్ల ఎట్లు కన్నుతెరచును, ఎగురుటకు వెరచి గోడపై కూర్చున్న కొడుకును తండ్రి ఎట్లు కసరి కసరి అంచునుండి నెట్టును - ఇవి పావురములను చూచినవాడే వ్రాయగల పుటలు.

అటుపై కథ హిమాలయమునకు ఎక్కును. సిక్కిం దిక్కున సింగలీలా పర్వతశ్రేణి, డేగలు, తల్లిపావురము డేగ వాత పడుట, చిత్రగ్రీవుడు భయముతో కొయ్యబారుట. ఇక్కడ ప్రవేశించును ఘోండ్ అను ముదుసలి వేటకాడు. మిత్రలాభమున వేటకాడు శత్రువు. ఈ నవలలో అతడే గురువు: అడవిలో అడుగు వేయు విధమును బాలునికి నేర్పువాడు, పక్షిని వెదకి తెచ్చువాడు. పాతకథ నుండి ముఖర్జీ చేసిన మార్పులలో ఇది నాకు అన్నిటికంటె ముఖ్యముగ తోచును. వల వేయు చేయియే గింజ వేయు చేయి అయినది. పావురమునకును వేటకానికిని కుదిరిన ఈ పొందు కాకి-ఎలుకల పొందుకంటె తక్కువ వింత కాదు.

రెండవ భాగమున వీరిద్దరును కలిసి మొదటి ప్రపంచయుద్ధమునకు పోవుదురు. ఇది కల్పనయైనను దాని వెనుక గట్టి చరిత్ర కలదు. 1914 సెప్టెంబరు చివర లాహోరు, మీరటు దళములు మార్సేల్సు రేవున దిగుట మొదలయ్యెను. 1915 మార్చిలో నవ్ షపెల్ వద్ద భారతసైనికులు పెద్దసంఖ్యలో నేలకొరగిరి. ఆ సంవత్సరాంతమున పదాతిదళములను మెసొపొటేమియాకు తరలించిరి. టెలిఫోను తీగలు గుండ్ల వానకు తెగిపోవుచుండగ, కందకములనుండి వార్త తెచ్చుటకు పావురములే గతియైన ఘడియలు అనేకములు. బండ్లపై కట్టిన గూళ్ళను సైన్యము వెంట త్రిప్పెడివారు. 1918 అక్టోబరులో ఆర్గోన్ అడవిలో చిక్కిన అమెరికను సైనికుల సందేశమును మోసికొని గాయములతో చేరిన 'షేర్ అమీ' పావురము ప్రసిద్ధము. దాని దేహము నేటికిని వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ సంస్థవారి సంరక్షణలో ఉన్నది. మనదేశమునను ఈ విద్య యుద్ధముతో అంతరింపలేదు. ఒడిశా పోలీసులు సైన్యమునుండి పొందిన పావురములతో 1946 లో కోరాపుటున ప్రారంభించిన కపోతసేవ ఈ శతాబ్దారంభము వరకు పనిచేసెను. మన విశాఖ మన్యమును ఆనుకొనియున్న కోరాపుటు కొండలలోని ఠాణాలకు తంతికంటె రెక్కయే నమ్మకమైన కాలమది.

యుద్ధ ప్రకరణములలో కొంతభాగమును చిత్రగ్రీవుని నోటనే చెప్పించినాడు రచయిత. పాతకథ నీడ ఇక్కడ పడినది. కాని హంసవలె ఈ పావురము తాను మోయు మాటను ఎరుగదు. కాలికి కట్టిన కాగితమున ఏమున్నదో దానికి తెలియదు. తెలిసినది పొగ, చప్పుడు, ఆకసమున తిరుగు లోహపు గ్రద్దలు, ఇంటి దిక్కు. రెక్క విరిగి వచ్చి పడును. వైద్యముచేత రెక్క అతుకును. కాని పావురము ఎగురదు. కలకత్తా మేడపై కాకి నీడ పడినను వణకును. ఘోండ్ గతియు అదియే. చంపుటయు చంపబడుటయు చూచివచ్చిన ఆ వేటకానికి లోపల ద్వేషమును భయమును పుండ్లుపడినవి. ఇద్దరు రోగులను వెంటబెట్టుకొని బాలుడు సింగలీలా సమీపమున ఉన్న బౌద్ధమఠమునకు పోవును. వృద్ధలామా ఔషధమేమియు ఇయ్యడు. పక్షిని చేతులనుంచుకొని నిశ్చలముగ కూర్చుండుమని, ధైర్యమును ధ్యానింపుమని చెప్పును. భయము పోయిన మనుష్యుని చేతులలో పక్షికి భయము పోవునని ఆయన నమ్మకము. వల ఇప్పుడు బయట లేదు. దానిని కొరుకుటకు ఎలుక పండ్లు చాలవు. ఇంతలో ఆ ప్రాంతమున మనుష్యులను చంపుచున్న అడవిదున్నను ఘోండ్ చంపవలసివచ్చును. చంపినందుకు అతడు మరల శుద్ధిపొందవలసివచ్చును. స్వస్థత ఒక్కమారుగ సిద్ధించు వస్తువు కాదని ఒప్పుకొను ఈ ఘట్టము పిల్లల నవలలో ఉండుట నన్ను ఆశ్చర్యపరచినది. యుద్ధమునుండి వచ్చినవారి మనోవ్రణములను గూర్చి వైద్యులును సేనాపతులును ఇంకను తగవులాడుచున్న కాలమున, ఆ వ్రణమును ఒక పావురమునందు చూపి పన్నెండేండ్ల పాఠకునికి అర్థమగునట్లు చెప్పినాడు.

నవలలో చెప్పక విడిచినది యొకటి కలదు. ఘోండ్‌యు పావురమును బ్రిటిషు సైన్యమునకు సేవచేయుచున్న ఆ 1915 లోనే జర్మనీ ఆయుధములతో వంగదేశమున తిరుగుబాటు లేపుటకు యుగాంతర దళము యత్నించెను. ఆ సెప్టెంబరులో బాలాసోరు వద్ద బాఘా జతీన్ ప్రాణములు విడిచెను. రచయిత అన్న జాదూగోపాలుడు అజ్ఞాతవాసమునకు పోయెను. ఆయన గూర్చి ధనగోపాలుడు 1924 లో ఒక పుస్తకమే వ్రాసియుండెను కనుక మరచినాడనుటకు వీలులేదు. ఎవరి యుద్ధము, ఎవరికొరకు అని నవలలోని బాలుడు ఒక్కమారైనను అడుగడు. అమెరికను ప్రచురణకర్తకు ఆ ప్రశ్న రుచించెడిది కాదేమో. యుద్ధమునే రోగముగ చూపినవానికి పక్షము చెప్పవలసిన పని లేదనియు వాదింపవచ్చును. ఈ రెండవ వాదము నన్ను పూర్తిగ ఒప్పింపలేదు.

మరికొన్ని లోపములును చెప్పవలెను. ఆయన హిమాలయమున రంగులు ఎక్కువ. లామాలలో ఒక్కడైనను కోపిష్ఠి లేడు, ఆకలిగొన్నవాడు లేడు. భారతదేశమును పుణ్యభూమిగ చూడగోరు పరదేశి పాఠకుని చూపు ఆ వాక్యములపై బరువుగ కూర్చున్నది.

ఐనను ఆ బరువును ఆయన ఎందుకు మోసెనో 1927 ను జ్ఞాపకము చేసికొనిన తెలియును. ఆ సంవత్సరముననే కేథరీన్ మేయో 'మదర్ ఇండియా' అచ్చయి అమెరికాలో మన దేశమును రోతపుట్టించు వస్తువుగ నిలబెట్టెను. ముఖర్జీ 1928 లో దానికి సమాధానముగ ఒక చిన్నపుస్తకము వ్రాసెను. అంతకుముందే, 1923 లో, భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున అమెరికా సర్వోన్నత న్యాయస్థానము భారతీయులు ఆ దేశ పౌరులగుటకు అర్హులు కారని తీర్పుచెప్పియుండెను. పౌరుడు కాజాలనివానికి ఆ దేశపు గ్రంథాలయాధికారులు తమ పిల్లల పేర పతకమిచ్చిరి! ఆ 1927 లోనే, అక్టోబరు 7 న, నవ్ షపెల్ వద్ద భారతసైనికుల స్మారకమును ఆవిష్కరించిరి. సమాధి దొరకని నాలుగువేల ఏడువందలకు పైబడిన వారి పేర్లు అందు చెక్కబడినవి. ఒకే యేట ఒక నింద, ఒక శిల, ఒక పావురము.

ముఖర్జీ 1936 జూలై 14 న న్యూయార్కులో తన ప్రాణమును తానే తీసికొనెను. వయసు నలుబదియారు. భయద్వేషములకు చికిత్స వ్రాసినవాడు తన్ను తాను రక్షించుకొనలేదే అని ఆ మరణమును ఈ నవలకు వ్యాఖ్యగ చదువువారున్నారు. అది తగదు. ఆయన వ్రాసినది మందుచీటి కాదు, కథ.

మన తెలుగున బాలల పత్రికలు కొంత ఆలస్యముగ వేళ్ళూనినవి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల 'బాల' 1945 లోను, 'చందమామ' 1947 జూలైలోను వెలువడినవి. అవి పంచతంత్రపు సొమ్మును పిల్లలకు పంచిపెట్టిన మేలు గొప్పది. నక్కయు కాకియు మాటలాడుట ఆ పుటలలో ఎంత సహజమయ్యెననగ, మాటలాడని కుక్కను గూర్చి, ఒక ఇంటి గేదెను గూర్చి నవల వ్రాయవచ్చునను తలపు మన రచయితలకు అరుదుగ కలిగెను. కేంద్ర సాహిత్య అకాడెమీ 1954 లో ఏర్పడినను బాలసాహిత్యమునకు ప్రత్యేకపురస్కారమును 2010 లో గాని ఆరంభింపలేదు. అమెరికా గ్రంథాలయ సంఘమువారు అట్టి పతకమును 1922 నుండియే ఇచ్చుచుండిరి.

ఈ నవలను తెలుగు చేయువారికి ఒక సులువు కలదు. ముఖర్జీ తన పాత్రలచేత ఆంగ్లమున వాడుక తప్పిన ప్రాచీన ఏకవచన సర్వనామమును పలికించెను. మాతృభాషలోని చనువును తెచ్చుట ఆయన ఉద్దేశము. ఆంగ్లపాఠకునికి అది కృత్రిమముగ తోచి, మఠమును దాటి పావురపు గూటివరకు గ్రాంథికవాసన వేసినది. తెలుగున తండ్రిపావురము కొడుకును 'నీవు' అనును, 'ఒరే' యనినను తప్పులేదు. బాలుడు ఘోండును 'తాతా' అని పిలుచును. గే-నెక్ అను పేరును మాత్రము అనువదింపనక్కరలేదు. అది బయలుదేరిన చోటికే వచ్చును.